డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు పడితే: కాగితాలు చూసుకోవడం, లాయరును పెట్టుకోవడం, కోర్టుకు వెళ్లడం ఎలా

శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలిలోనో, విజయనగరం మయూరి కూడలిలోనో, జాతీయ రహదారి మీద ఎచ్చెర్ల దగ్గరో రాత్రి పూట పోలీసులు బండి ఆపి ఊదమన్నప్పుడు, ఆ యంత్రంలో అంకె హద్దు దాటితే మీ మీద పడేది క్రిమినల్ కేసు. హెల్మెట్ లేదని వేసిన చలానాను ఫోనులో కట్టేసి మరిచిపోవచ్చు గానీ, దీన్ని రోడ్డు మీదో స్టేషన్‌లోనో డబ్బు కట్టి ముగించుకునే వీలు చట్టంలో లేదు. అక్కడికక్కడ జరిమానాతో రాజీ చేసుకోదగిన నేరాల జాబితా మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్‌లో ఉంది. మద్యం తాగి నడపడానికి సంబంధించిన 185వ సెక్షన్ అందులో లేదు. కాబట్టి "ఇక్కడే సెటిల్ చేసేద్దాం" అని ఎవరైనా చెయ్యి చాపితే, ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు చేరదని, మీ కేసు ఎక్కడిది అక్కడే ఉంటుందని తెలుసుకోవాలి.

మన వైపు ఎక్కువగా వినిపించే సలహా మరొకటి ఉంది. "కోర్టుకెళ్లి ఒప్పేసుకో, పదివేలు కడితే పోద్ది" అంటారు. డబ్బు విషయం అంతటితో పోతుందేమో గానీ, నేరం ఒప్పుకొని జరిమానా కట్టడమంటే నేరం రుజువై శిక్ష పడినట్టే రికార్డు అవుతుంది. ఆర్మీకీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకూ ఏటా వందల మంది పరుగు పందేలు సాధన చేసే జిల్లాలు మనవి. ఉద్దానం నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లేవారూ తక్కువ కాదు. వాళ్లకు పోలీసు వెరిఫికేషన్ రోజున ఈ పదివేల రసీదే ఎదురు నిలుస్తుంది. అలాగని ప్రతి కేసునూ కోర్టులో కొట్లాడాలని కూడా అనను. ఒప్పుకోవడమా, పోరాడడమా అన్నది కాగితాలు చేతికి వచ్చాక, ఒక లాయరు వాటిని చదివాక తేల్చుకోవలసిన సంగతి. ఆ వరుసను కాపాడుకోవడానికే ఈ సూచనలు.

అభియోగం ఏమిటో ముందు తెలుసుకోండి

185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నట్టు బ్రీత్ ఎనలైజర్ పరీక్షలో గానీ, ప్రయోగశాల పరీక్ష వంటి ఇతర పరీక్షలో గానీ తేలిన వ్యక్తి బండి నడిపినా, నడపబోయినా నేరమే. "మించి" అన్న పదాన్ని గమనించండి. సరిగ్గా 30 చూపితే హద్దు దాటినట్టు కాదు. మొదటిసారి అయితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రెండోసారి, ఆ తరువాత అయితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు మొదటి తప్పుకు జరిమానా 2,000 రూపాయల లోపే ఉండేది కాబట్టి, పెద్దవాళ్లు ఇంకా ఆ పాత లెక్కే చెబుతుంటారు.

గంజాయి వంటి మత్తు పదార్థాల విషయంలో ఇలాంటి అంకె హద్దు లేదు. బండిని అదుపులో పెట్టలేనంత మత్తులో ఉన్నట్టు చూపాలి. మద్యం ఏ రూపంలో తాగారన్న తేడా కూడా చట్టానికి లేదు. పార్వతీపురం వైపు జీలుగు కల్లు తాగినా, తీరం వెంబడి తాటికల్లు తాగినా, బ్రాందీ షాపులో సీసా కొన్నా యంత్రం చూపేది రక్తంలోని ఆల్కహాలునే. "కల్లే కదా సార్" అన్న మాట సమర్థన కాకపోగా, తాగానని మీరే చెప్పినట్టు నమోదవుతుంది. పక్కన కూర్చున్న మిత్రుడు తాగి ఉన్నాడని తెలిసీ తాళం ఇచ్చి నడపమన్నవారికి కూడా 188వ సెక్షన్ కింద అదే శిక్ష పడవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు.

ఇది జామీను దొరికే నేరం. ఈ ఒక్క సెక్షన్ కిందే పట్టుకున్నప్పుడు తగిన పూచీకత్తు ఇస్తే మిమ్మల్ని విడిచిపెట్టాలి; అది పోలీసులు చేసే దయ కాదు, మీ హక్కు.

బండి ఆపిన చోట

బండి పక్కకు తీసి ఇంజను ఆపండి, మర్యాదగా మాట్లాడండి, వాదన పెట్టుకోకండి. 203వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి గానీ, రవాణా శాఖ అధికారి గానీ, అనుమానించడానికి తగిన కారణం ఉంటే, బహిరంగ ప్రదేశంలో బండి నడిపేవారిని ఊదమనవచ్చు. ఊదనని మొండికేస్తే కేసు తప్పిపోతుందని అనుకోవడం పొరపాటు. తాగారన్న అనుమానానికి ఆధారం ఉండగా నిరాకరిస్తే వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. పైగా తగిన కారణం లేని నిరాకరణను 205వ సెక్షన్ కింద మీ పరిస్థితికి సాక్ష్యంగా కోర్టు తీసుకోవచ్చు.

ఊదేటప్పుడు కొన్ని చిన్న విషయాలు గమనిస్తే తరువాత ఎంతో ఉపయోగపడతాయి. మీకు ఇచ్చిన గొట్టం కొత్తదేనా, మీ ముందు కవరు చింపారా, ఊదే ముందు యంత్రం సున్నా చూపుతోందా అన్నవి చూసుకోండి. అంతకుముందే తాగినా, ఆల్కహాలు కలిసిన మౌత్‌వాష్‌తో పుక్కిలించినా, అలాంటి టానిక్కు ఏదైనా మింగినా, నోట్లో మిగిలిన ఆల్కహాలు వల్ల అంకె అసలుకన్నా ఎక్కువగా రావచ్చు. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగితే ఆ ప్రభావం తగ్గుతుంది. అలాంటిదేమైనా ఉంటే ఆ మాట చెప్పి, కాసేపు ఆగి మళ్లీ పరీక్ష చేయమని అడగండి. అడిగారన్న విషయం, వారు ఏమన్నారన్న విషయం గుర్తుంచుకోండి.

పరీక్ష అయ్యాక యంత్రం నుంచి బస్సు టికెట్టు లాంటి చిన్న చీటీ వస్తుంది. కేసు మొత్తానికి వెన్నెముక ఆ చీటీయే కాబట్టి దాన్ని తాపీగా చదవండి. సాధారణంగా అందులో యంత్రం నంబరు, పరీక్ష క్రమ సంఖ్య, తేదీ, సమయం, వచ్చిన అంకె, మీ పేరు, బండి నంబరు, అధికారి సంతకం, మీ సంతకం పెట్టే చోటు ఉంటాయి. కొన్ని యంత్రాలు చివరిసారి కాలిబ్రేషన్, అంటే కొలత సరిచూడడం, చేసిన తేదీని కూడా అచ్చు వేస్తాయి. పేరు తప్పుగా ఉన్నా, సమయం మీ ఫోనులోని సమయంతో కలవకపోయినా అక్కడే చెప్పండి. ఖాళీగా ఉన్న గడుల కింద సంతకం పెట్టకండి. ఆ చీటీ వేడికి నల్లబడే థర్మల్ కాగితం మీద అచ్చయ్యేది కావడం వల్ల నెలలు గడిస్తే అక్షరాలు వెలిసిపోతాయి. మీ చేతికి ప్రతి ఇస్తే అదే రాత్రి ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు పంపి ఉంచండి.

బండి సంగతి వేరు. మీతో పాటు తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే బండి అతనికి అప్పగించమని అడగండి. ఎవరూ లేకపోతే బంధువును పిలిపించండి. తాగి నడిపారన్న ఒక్క కారణంతో వాహనాన్ని పట్టి ఉంచే అధికారం పోలీసులకు లేదని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది. ఆ తీర్పు ఆంధ్రప్రదేశ్ కోర్టులను కట్టడి చేయకపోయినా, మీ లాయరు చూపించదగిన తీర్పే. ఏం జరిగినా ఆ రాత్రి మళ్లీ మీరు మాత్రం హ్యాండిల్ పట్టుకోకండి.

అరెస్టు చేసి స్టేషన్‌కు తీసుకువెళ్తే

అరెస్టు సమయాన్ని గుర్తుంచుకోవడం ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. 202వ సెక్షన్ ప్రకారం 185 కింద అరెస్టయిన వ్యక్తికి రెండు గంటల లోపు వైద్య పరీక్ష జరగాలి, జరగకపోతే కస్టడీ నుంచి విడిచిపెట్టాలి. రెండు గంటలు దాటినంత మాత్రాన కేసు దానంతటదే కొట్టుకుపోదు గానీ, ఆలస్యాన్ని కోర్టులో ప్రశ్నించడానికి అది గట్టి పట్టు అవుతుంది. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గానీ, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రికి గానీ తీసుకువెళ్లి రక్తం తీయిస్తే, తీసిన సమయం, డాక్టరు సంతకం, సీసాకు వేసిన సీలు, దాని మీద రాసిన నంబరు తరువాత పరిశీలనకు వస్తాయి. మహిళ నుంచి రక్తం తీసేది మహిళా డాక్టరు అయినా కావాలి, లేదా అక్కడ మరో మహిళ అయినా ఉండాలి. అరెస్టయినవారి వైద్య పరీక్ష నివేదిక ప్రతి అడిగి తీసుకోండి.

ఎందుకు అరెస్టు చేశారో చెప్పడం, ఇంట్లోవారికి తెలియజేయడం, లాయరుతో మాట్లాడనివ్వడం పోలీసుల బాధ్యత. మీరు పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు నిజాయితీగా చెప్పండి. ఎంత తాగారు, ఎక్కడ తాగారు, ఎవరితో తాగారు అన్న వాటికి లాయరుతో మాట్లాడాకే జవాబిస్తానని చెప్పే హక్కు మీకుంది.

మరుసటి రోజు చేయవలసిన పని

నిద్ర లేచాక ముందుగా ఒక తెల్లకాగితం మీద రాత్రి జరిగింది రాయండి: ఎన్నింటికి భోంచేశారు, ఎన్నింటికి బయలుదేరారు, ఎక్కడ ఆపారు, ఎన్నిసార్లు ఊదించారు, ఎవరెవరు ఉన్నారు, ఏ మందులు వాడుతున్నారు. నాలుగు నెలల తరువాత వాయిదా రోజున ఇవేవీ గుర్తుండవు. మడపాం దగ్గరో, నాతవలస దగ్గరో టోల్‌గేటు దాటి ఉంటే ఫాస్టాగ్ డబ్బు కోసిన సందేశంలో సమయం ఉంటుంది. పెట్రోలు బంకు రసీదు, ఫోన్‌పే చెల్లింపు కూడా సమయానికి సాక్ష్యాలే. బంకులోనో, దుకాణంలోనో సీసీ కెమెరా ఉంటే, పాత దృశ్యాలు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి కాబట్టి, వెంటనే భద్రపరచమని రాతపూర్వకంగా అడగాలి.

లైసెన్సు తీసుకున్నారంటే దానికి రసీదు ఇచ్చి ఉండాలి. అది లేకపోతే స్టేషన్‌కు వెళ్లి అడగండి. కేసు కోర్టుకు చేరాక దానికి ఎస్టీసీ (సంక్షిప్త విచారణ కేసు) నంబరు గానీ, సీసీ (క్యాలెండర్ కేసు) నంబరు గానీ పడుతుంది. ఆ నంబరుతో ఈ-కోర్టుల యాప్‌లో వాయిదా తేదీ, కోర్టు పేరు చూసుకోవచ్చు. ఏ కోర్టుకు వెళ్లాలన్నది మీ ఊరిని బట్టి ఉండదు, బండి ఆపిన స్టేషన్ పరిధిని బట్టి ఉంటుంది. పలాసవాసిని భోగాపురంలో ఆపితే విజయనగరం జిల్లా కోర్టుల చుట్టూనే తిరగాలి. పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటాక ఆపితే ఒడిశా కోర్టుకు వెళ్లాలి.

లాయరును వెతుక్కోవడం

కోర్టు గేటు దగ్గర "ఏ కేసు బాబూ, డ్రంక్ అండ్ డ్రైవా?" అంటూ ఎదురొచ్చేవారిలో కొందరు లాయర్లు కారు. ఫైను డబ్బు, ఖర్చులు అంటూ చేతిలో వేయించుకొని, మీ చేత ఒప్పుకోలు చెప్పించి పంపేసే దళారులు వాళ్లు. లాయర్లు ప్రకటనలు ఇచ్చి కేసులు పోగుచేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతాయి కాబట్టి, వెంటపడి పిలిచేవారిని అనుమానించడం తప్పు కాదు. నేరుగా బార్ అసోసియేషన్ హాలుకు వెళ్లి, ఆ మేజిస్ట్రేటు కోర్టులో రోజూ క్రిమినల్ కేసులు చూసే ప్లీడరు ఎవరని అడగండి. టెక్కలిలో, సోంపేటలో, బొబ్బిలిలో, చీపురుపల్లిలో కూడా కోర్టులు ఉన్నాయి. ఇలాంటి కేసుకు విశాఖపట్నం నుంచి పెద్ద పేరున్న లాయరును తెచ్చుకోవడం కన్నా, ఆ కోర్టు పద్ధతి తెలిసిన స్థానిక లాయరే చాలాసార్లు మేలు.

మొదటి కలయికలో మీ తెల్లకాగితం, చీటీ ఫోటో, లైసెన్సు రసీదు, సమన్లు ముందు పెట్టి, ఒక్క అబద్ధం కూడా చెప్పకుండా జరిగింది చెప్పండి. ఇంతకుముందు ఇలాంటి కేసు పడి ఉంటే దాన్ని దాచకండి; శిక్ష లెక్క మొత్తం దాని మీదే మారుతుంది. ఆ తరువాత మీరు అడగవలసినవి అడగండి. ఇలాంటి కేసులు విచారణ దాకా నడిపారా, ఒప్పుకోలుతోనే ముగించారా? ఫీజు మొత్తానికా, వాయిదాకు ఇంతనా? ప్రతి వాయిదాకూ నేను రావాలా? ఫీజు వేరు, జరిమానా వేరు అన్నది కాగితం మీద తేల్చుకోండి. "జడ్జిగారు మనవాళ్లే, ఖాయంగా కొట్టించేస్తా" అని మాటిచ్చే మనిషి దగ్గర వకాలత్ (మీ తరఫున వాదించే అధికారమిచ్చే పత్రం) మీద సంతకం పెట్టకుండా లేచి రావడం మంచిది.

ఫీజు ఇచ్చుకోలేనివారు శ్రీకాకుళం, విజయనగరం జిల్లా కోర్టుల ప్రాంగణాల్లోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

కేసు బలం ఎక్కడుంది, బలహీనత ఎక్కడుంది

మీ లాయరు చూడవలసింది చీటీలోని అంకెతో ఆగదు. బండి నడుపుతుండగా ఆపారా, లేక ఇంజను ఆపిన బండి మీద కూర్చుని ఉండగా పట్టుకున్నారా? యంత్రానికి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉందా, పరీక్ష నాటికి దాని గడువు ఉందా? చీటీలో సమయం, అరెస్టు సమయం, ఆసుపత్రి సమయం ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా? రక్త నమూనా సీలు చెదరకుండా ప్రయోగశాలకు చేరిందని చూపే కాగితాలు ఉన్నాయా? ఇక మొదటిసారి నేరానికి గరిష్ఠ శిక్ష ఆరు నెలలే కాబట్టి, కేసు పెట్టడానికి ఏడాది గడువు ఉంటుంది. ఆ గడువు దాటి పెట్టిన కేసు మీద అభ్యంతరం చెప్పవచ్చు.

పరీక్షే జరగకుండా "వాసన వచ్చింది, తూలుతున్నాడు" అన్న సాక్ష్యంతోనే కేసు పెట్టిన సందర్భాలు ఉంటాయి. నోటి వాసన, తడబడే నడక, తడబడే మాట, విప్పారిన కనుపాపలు మాత్రమే చూపి మద్యం సేవించాడని తేల్చలేరని బచూభాయ్ హసనల్లీ కర్యానీ కేసులో 1971లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ బీమా దగ్గరికి వచ్చేసరికి ఇదే మాట మిమ్మల్ని కాపాడదు: పరీక్ష లేకపోయినా ఇతర సాక్ష్యాలతో డ్రైవరు మత్తులో ఉన్నాడని చూపి, సొంత బండి నష్టానికి పరిహారం నిరాకరించే వీలు బీమా కంపెనీకి ఉందని 2021లో పెర్ల్ బెవరేజెస్ కేసులో అదే కోర్టు తేల్చింది.

వీటిలో ఏదీ లేకుండా, యంత్రం 150 చూపి, కాగితాలన్నీ సవ్యంగా ఉంటే, రెండేళ్లు వాయిదాలకు తిరగడం వల్ల ఒరిగేది పెద్దగా లేదు. విదేశాలకు వెళ్లాలనుకునేవారికి పెండింగు కేసు కూడా అడ్డే. కోర్టులో కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు నిరాకరించే అధికారం పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్ ఇస్తుంది, అప్పుడు కోర్టు అనుమతి తెచ్చుకోవలసి వస్తుంది. అలాంటివారు మొదటి తప్పని, వయసు, కుటుంబ పరిస్థితి చూడమని కోరుతూ, జైలు లేకుండా ముగించమని అడగడమే తెలివైన దారి కావచ్చు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి విడిచిపెట్టమని కూడా లాయరు కోరవచ్చు. ఆ చట్టం కింద విడిచిపెడితే శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం జడ్జిగారి విచక్షణ.

వాయిదా రోజు

పదిన్నరకే కోర్టులో ఉండండి, తాగి మాత్రం వెళ్లకండి. ఈ మాట రాయవలసి రావడం విచిత్రంగా ఉంటుంది గానీ అలాంటివారు లేకపోలేదు. మేజిస్ట్రేటు అభియోగ సారాంశం చదివి, నేరం ఒప్పుకుంటున్నారా అని అడుగుతారు. అర్థం కాకపోతే కాలేదని చెప్పండి, లాయరుతో మాట్లాడడానికి సమయం కావాలని అడగండి. పక్కనున్న ముప్పై మంది ఒకరి తరువాత ఒకరు "ఒప్పుకుంటున్నానండీ" అంటుంటే నోరు దానంతటదే అదే మాట అనేస్తుంది. లోక్ అదాలత్‌లో తేల్చుకోమని సలహా వచ్చినప్పుడు కూడా, అక్కడ పెట్టే సంతకం ఒప్పుకోలు అవుతుందో కాదో చదివాకే పెట్టండి. పిలిచినప్పుడు వెళ్లకపోతే వారంటు వస్తుంది. చిన్న కేసు పెద్దదయ్యేది ఎక్కువగా అలాగే.

లైసెన్సు గొడవ కోర్టు కేసుకు సమాంతరంగా రవాణా శాఖ దగ్గర నడుస్తుంది. లైసెన్సును సస్పెండ్ చేయబోతున్నామని నోటీసు వస్తే 19వ సెక్షన్ కింద మీ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఉత్తర్వు వచ్చాక 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. లారీ, ఆటో, స్కూలు బస్సు నడిపి బతికేవారు జరిమానా కన్నా ఈ నోటీసుకే ఎక్కువ భయపడాలి. లైసెన్సు సస్పెండైన కాలంలో బండి నడిపితే అది వేరే నేరం.

ప్రమాదం జరిగి ఎవరైనా గాయపడితే గానీ, చనిపోతే గానీ ఈ సూచనలు చాలవు. అప్పుడు 185తో పాటు భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు వస్తాయి; నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే 106(1) కింద ఐదేళ్ల వరకు జైలు, తాగి నడిపితే ప్రాణాలు పోతాయని తెలిసీ నడిపాడని కోర్టు భావిస్తే అంతకన్నా తీవ్రమైన 105వ సెక్షన్ ఎదురవుతాయి. ముంబైలో ఫుట్‌పాత్ మీద నిద్రిస్తున్న ఏడుగురు కూలీలు చనిపోయిన అలిస్టర్ పరేరా కేసులో 2012లో సుప్రీంకోర్టు నిలబెట్టింది ఇలాంటి శిక్షనే. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చి, ఆ గంటలోనే అనుభవమున్న క్రిమినల్ లాయరుతో మాట్లాడండి.

కేసు ముగిశాక తీర్పు సర్టిఫైడ్ కాపీకి, జరిమానా కట్టి ఉంటే దాని రసీదుకు దరఖాస్తు పెట్టి తెచ్చుకోండి. శిక్ష పడితే సెషన్స్ కోర్టులో అప్పీలుకు 30 రోజుల గడువు ఉంటుంది; నేరం ఒప్పుకున్నవారు శిక్ష ఎక్కువైందనో, చట్టవిరుద్ధమనో మాత్రమే అప్పీలు చేయగలరు. తరువాత ఏ ఉద్యోగ దరఖాస్తులోనైనా "మీ మీద కేసు ఉందా" అన్న గడి కనబడితే నిజమే రాయండి. ఉన్నది దాచడం ఎలాంటి ఫలితానికి దారి తీస్తుందో, చిన్న కేసును నిజాయితీగా చెప్పినప్పుడు యజమాని ఎలా పరిశీలించాలో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. దరఖాస్తుకు మీ కేసు తీర్పు కాపీని జతపరచవలసి రావచ్చు కాబట్టి, ఒరిజినల్‌ను ఇంట్లో భద్రంగా ఉంచుకొని జిరాక్సులనే ఇవ్వండి.